గాలికారు దీపం

పైడిసీమ ఎడారిలో వసంతం పూలతో రాదు, గాలితో వస్తుంది. మిగతా రాజ్యాలలో మామిడి చిగురు తొడిగి, కోయిల గొంతు సవరించుకునే రోజుల్లో, అక్కడ ఆకాశం అంచున ఒక పసుపుగీత కనిపిస్తుంది. చూస్తూ ఉండగానే ఆ గీత గోడవుతుంది. గోడ కొండవుతుంది. కొండ కదిలి వచ్చి మీద పడుతుంది. నిన్నటి దిబ్బ ఇవాళ ఉండదు. ఇవాళ నడిచిన దారి రేపటికి ఉండదు. పగలంతా సూర్యుడు పాత రాగిపళ్లెంలా వేలాడుతుంటాడు. ఆ ఋతువుకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు గాలికారు.

ఆ గాలికారులో, కుముదపుర యువరాజు హేమాంగదుడు గాజుల వర్తకుడి వేషంలో ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెడుతున్నాడు. వీపున గాజుల మలారం ఉంది. చంకలో బట్ట కప్పిన పంజరం, పంజరంలో ఒక గోరువంక.

"ఎడమకి వెళ్తున్నావు. కుడికి తిరుగు" అన్నది గోరువంక.

"కుడివైపు అతనున్నాడు అక్కా."

"అయితే ఎడమే మంచిది."

ఆ గోరువంక అతని అక్క మృణాళిని. ధూమకంఠుడనే మాంత్రికుడు శిశిరంలో ఆమెను పిట్టగా మార్చాడు. ఈ వసంతం వెళ్లేలోగా ఎడారి నడుమ ఉన్న చంద్రబావి నీటిలో మునిగితే ఆమె మళ్లీ మనిషవుతుంది. మునగకపోతే మాటలన్నీ మరచిపోయి, ఎప్పటికీ పిట్టగానే మిగిలిపోతుంది. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి తమ్ముడు పంజరం దించలేదు, మాంత్రికుడు వెంటపడటం మానలేదు.

కుడివైపు దిబ్బ మీద నిలబడిన ధూమకంఠుడు పిడికెడు ఇసుక తీసి అరచేతిలోకి ఊదాడు. ఆ ఇసుక సుడి తిరిగి, తాటిచెట్టంత ఎత్తు పెరిగి, చేతులూ తలా తొడుక్కుంది. కళ్లు లేని ఆ ఇసుకభూతం ఒక్కొక్క అడుగుకు ఒక్కొక్క దిబ్బ దాటుతూ వస్తోంది. దాని చేయి మలారానికి తగిలి, పైన కట్టిన ఎర్రగాజులన్నీ పగిలి గాలిలో మెరిశాయి. హేమాంగదుడు ముందుకు దొర్లాడు. కళ్లనిండా ఇసుక పడింది. చేతికి ఏదో గొంగళి తగిలింది. అది గుడారపు తెర. దాన్ని ఎత్తి, పంజరంతో సహా లోపలికి దూకాడు.

భూతం ఎత్తిన చేయి గడప మీదకు దిగి, గడప తగలగానే వట్టి ఇసుకై జలజలా రాలిపోయింది.

లోపల పొయ్యి ముందు కూర్చున్న ముసలామె తల తిప్పి, గడప మీద మోకాలెత్తు పడిన ఇసుకను చూసింది. తర్వాత అతన్ని చూసింది. మూలనున్న చీపురు తీసి చేతికిచ్చింది.

"వచ్చినోడివి వచ్చినావు. నువ్వు తెచ్చిన ఇసుక నువ్వే చిమ్ము నాయనా. సంకటి ఉడికేలోగా అయిపోవాల."

కుముదపుర యువరాజు పుట్టి బుద్ధెరిగి చీపురు పట్టలేదు. పంజరం కిందపెట్టి చిమ్మాడు.

"మూలలు వదిలేశావు" అన్నది గోరువంక.

ముసలామె పిట్టను చూసి ఆశ్చర్యపోలేదు. "బాగా చెప్పినావమ్మా" అని మాత్రం అన్నది.

ఆమె పేరు తువ్వమ్మ. భర్త బొల్లప్ప. ఆ గొంగళి గుడారాల వాడలో వాళ్లే పెద్దవాళ్లు. బొల్లప్ప నడుము వంగినా చేతులు ఊరుకోవు. కాలి బొటనవేలికి తగిలించుకుని మేకబొచ్చు తాడు పేనుతూనే ఉంటాడు. హేమాంగదుడు తన పేరు చెప్పబోతే ముసలాయన చేయెత్తి ఆపాడు.

"గాలికారులో గడప దాటి వచ్చినోన్ని పేరడగం. యాడికని అడగం. బయటికి పొమ్మనం. ఎవుడన్నా తరుముకొచ్చినా ఈ గడపలో చేయి వెయ్యనియ్యం. ఈ కారులో తరిమే పని గాలిదొక్కదానిదే. మనుషులకు లేదు."

"గాలికారు ఎన్నాళ్లు తాతా?"

"ఎన్నాళ్లా? బావి అడుగు అందేంత తాడు పేనేటన్నాళ్లు." తన పక్కనున్న బొచ్చు కుప్పలో సగం అతని ముందుకు తోశాడు. "నువ్వూ పేను. ఊరికే కూచుంటే గాలి నీ చెవిలో దూరి మాట్లాడతాది."

"ఆయన మాట వినొద్దు" అన్నది తువ్వమ్మ సంకటి తెడ్డు తిప్పుతూ. "పడుచోడుగా మా నాయన గుడారానికి చుట్టమై వచ్చి, గాలికారు పోతానే పోతానన్నాడు. ఇంతవరకు పోలేదు. ఈయనకేం తెలుసు గాలికారు ఎన్నాళ్లో."

"ఆ ఏటిది ఇంకా అయిపోలేదే నాకు" అన్నాడు బొల్లప్ప, తాడు మీద నుంచి కళ్లెత్తకుండా.

ముసలామె ఆయన ముద్దలో వేసిన నెయ్యి మాత్రం కాస్త ఎక్కువే.

ఆ సాయంత్రం దీపాలవేళకు ఆమె గాలికారు కొలిచే తీరు హేమాంగదుడు కళ్లారా చూశాడు. తువ్వమ్మ ప్రమిదలో నూనె పోసి వత్తి వెలిగించి, కొంగు అడ్డం పెట్టకుండా, చేయి అడ్డం పెట్టకుండా గడప దాటింది. వాడ నడుమ ఉన్న బావి దాకా ఆ దీపం ఆరకుండా వెళ్తే గాలికారు ముగిసినట్టు. అప్పటిదాకా ముగియనట్టే. చుట్టుపక్కల గుడారాల తెరలు ఒక్కొక్కటే కొద్దిగా ఎత్తుకున్నాయి. ఆమె గడప దాటి అడుగు వేసిందో లేదో గాలి వచ్చి దీపాన్ని నోటి ముద్ద లాగేసుకున్నట్టు ఆర్పేసింది.

"ఈ పొద్దు కాదు" అని అరిచింది తువ్వమ్మ.

"ఈ పొద్దు కాదంట" అని ఒక గుడారం నుంచి ఇంకో గుడారానికి మాట పాకింది. తెరలన్నీ దిగాయి. అందరూ అన్నాలు తిన్నారు.

రోజూ అదే జరిగేది. పగలు తాడు పేనడం, సాయంత్రం దీపం, ఆరిన దీపంతో నవ్వుతూ వెనక్కి వచ్చే అవ్వ. హేమాంగదుడి అరచేతులు కాయలు కాచాయి. అతను పేనిన తాడు ఒకచోట లావు, ఒకచోట సన్నం. బొల్లప్ప దాన్ని పట్టుకు చూసి, "కొండచిలువ కప్పను మింగినట్టుండాది" అని, విప్పి మళ్లీ చేతికిచ్చేవాడు. చంద్రబావి సంగతి కూడా ఆయనే చెప్పాడు.

"ఎర్రగుండ్ల కాడ ఉండాదిలే. కానీ ఏడాదంతా దిబ్బ కింద పూడి ఉంటాది. గాలికారు కడాకు ఒక పెనుగాలి లేస్తాది చూడు, అది వచ్చి పైనున్న ఇసుకంతా ఎత్తుకుపోతాది. అప్పుడు బావి కళ్లు తెరుస్తాది. మళ్లీ ఎండకారు మొదటి గాలికి మూసుకుంటాది. దాన్ని తవ్వి చూసినోడు ఎవుడూ లేడు. మనం తవ్వేకొద్దీ ఇసుక జారతాది."

అంటే గాలి ఆగేదాకా ఆగాలి. ఆగే ముందు వచ్చే ఆ పెనుగాలి రావాలి. హేమాంగదుడు రోజూ తెర సందులోంచి బయటికి చూసేవాడు. అక్క మాత్రం తమ్ముణ్ణే చూసేది.

"తమ్ముడూ, మన కొలనులో పూస్తుంది చూడు, ఎర్రగా, ఆకు మీద నీళ్లు నిలవవు. దాని పేరేమిటి?"

"తామర అక్కా."

"తామర" అని రెండుసార్లు అనుకున్నది. మర్నాడు ఆ మాట మళ్లీ అడిగింది. ఆ మర్నాడు అడగలేదు. తామర ఒకటి ఉండేదన్న సంగతే పోయింది. తర్వాత అద్దం పోయింది, ఉయ్యాల పోయింది. వాళ్ల అమ్మ పేరు పోయిన రోజున హేమాంగదుడు చాలాసేపు తాడు పేనుతూ ఉండిపోయాడు. ఆ రోజు పేనిన తాడు మాత్రం ఎక్కడా లావూ సన్నం లేకుండా వచ్చింది.

ఇంకా ఆమెకు నచ్చేది గాజుల చప్పుడు. మలారంలో మిగిలినవాటిని అతను రోజూ కదిపేవాడు. ఆమె మెడ పక్కకు వాల్చి వినేది. ఒకనాడు తువ్వమ్మ తొడుక్కోవడానికి ఆకుపచ్చ గాజులు బాగున్నాయని చేయి చాపింది.

"అవి తప్ప ఏవైనా తీసుకో అవ్వా. అవి మా అక్కవి."

తువ్వమ్మ పంజరం వైపు చూసింది. గోరువంక కాళ్లు చూసింది. చిన్నగా తల ఊపి నీలంగాజులు తీసుకున్నది.

ఒక మధ్యాహ్నం తెర ఎత్తుకుని ఒక బైరాగి లోపలికి వచ్చాడు. జడలకు ఇసుక పట్టింది. పెదవులు పగిలాయి. భుజాన ఖాళీ తోలుతిత్తి వేలాడుతోంది. అతన్ని చూడగానే గోరువంక ఒళ్లు ముడుచుకున్నది. హేమాంగదుడు లేచి నిలబడి పంజరానికి అడ్డం వచ్చాడు. వేషం మార్చినా ఆ గొంతు కింద ఉన్న పొగరంగు మచ్చ మారలేదు. అతను ధూమకంఠుడే.

"కూచో నాయనా" అన్నాడు బొల్లప్ప హేమాంగదుడితో. "నిన్నూ పేరడగలేదు, ఆయన్నీ అడగం."

"తాతా, ఇతను—"

"గాలికారు" అన్నాడు ముసలాయన, అంతకంటే చెప్పడానికేమీ లేనట్టు.

మాంత్రికుడు పొయ్యికి దూరంగా కూర్చున్నాడు. తువ్వమ్మ సజ్జసంకటి, మజ్జిగ, ఉప్పురాయి ముందు పెడితే ముట్టుకోలేదు. అతనికి గురువు పెట్టిన కట్టు ఒకటుంది. ఏ ఇంటి ఉప్పు తింటే ఆ ఇంటి నియమం దాటకూడదు; దాటితే మంత్రం నాలుక మీదికి రాదు. అందుకే ఎప్పుడూ ఎవరింటా తినని మనిషి.

"ఉపవాసం" అన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"చాలా నాళ్ల నుంచి."

"ముఖం చూస్తేనే తెలస్తాండాది. దేవుడు కూడా పీనుగులు చేసే పూజ అడగడు సామీ. మీ అమ్మ చూస్తే ఏమంటాది నిన్ను ఇట్ల?"

ఆ మాటకు ధూమకంఠుడు గొంతు కింద మచ్చను చేత్తో కప్పుకున్నాడు. గుడారమంతా సంకటి ఆవిరి, నెయ్యి వాసన. ముసలామె ముద్దలో గుంట చేసి మజ్జిగ పోసి, ఉప్పురాయి నలిపి, పసివాడికి పెట్టినట్టు చేతికందించి పట్టుకునే ఉన్నది. ఆమె చేయి నొప్పెట్టి వణకడం మొదలైంది. అయినా దించలేదు. చివరికి మాంత్రికుడు, ఆ చేతి వణుకు చూడలేకో, ఆకలికి ఆగలేకో, ముద్ద అందుకున్నాడు. ఒకటి తిన్నాక రెండోది తనే అడిగాడు.

నోరు కడుక్కున్న తర్వాత గానీ తను చేసిన పని అతనికి తెలిసిరాలేదు.

"మీ నియమం ఏమిటో చెప్పు" అన్నాడు తువ్వమ్మతో గంభీరంగా.

"గాలికారు ఉన్నన్నాళ్లు ఎవురి మీదా చేయి వెయ్యకూడదు."

"ముగిస్తే?"

"ముగిస్తే ముందొచ్చినోడు ముందు పోతాడు. వెనకొచ్చినోడు వెనక పోతాడు. బయటికి పోయినాక మీ దావ మీది."

"ముగిసిందని ఎలా తెలుస్తుంది?"

"దీపం బావి దాకా పోతే."

ధూమకంఠుడి పగిలిన పెదవులు చిన్నగా సాగాయి. అది చూసి హేమాంగదుడు పంజరాన్ని దగ్గరికి లాక్కున్నాడు. నిన్నటిదాకా గాలి ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసినవాడు, ఇప్పుడు ఆగకూడదని కోరుకోవలసి వచ్చింది. ఆగితే గడప బయట మాంత్రికుడు. ఆగకపోతే అక్క నోట మాటలు అయిపోతాయి.

"ఒక పిట్ట మనిషైతే నీకేం నష్టం సామీ?" అని అడిగింది తువ్వమ్మ, ఏ ఊసూ తెలియనట్టు పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. "ఆ బావికాడికి పోనీకుండా అంత ఆత్రమెందుకు? ఆ బావిలో నీదేమన్నా ఉండాదా?"

మాంత్రికుడు తల పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగా ధూమకంఠుడు గడపలో కూర్చుని, భుజాన ఉన్న తోలుతిత్తి మూతి విప్పి తెర బయటికి పెట్టాడు. పెదవులు కదిలాయి. తిత్తి ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. ఎడారి నాలుగు మూలల నుంచి గాలి కూతలు వేస్తూ వచ్చి, ఆ చేతెడు మూతిలోకి దారంలా దూరిపోయింది. దిబ్బల మీద లేచిన ఇసుక అలా లేచినట్టే కిందికి పడింది. మాంత్రికుడు నల్లతాడుతో తిత్తి మూతి బిగించి ముడి వేశాడు. ఒంటెల మెడగంటలు కూడా ఆగిపోయాయి. ఎక్కడో ఒక బిడ్డ, గాలి జోల లేక మేలుకుని ఏడ్చింది.

"నియమం దాటలేదు" అన్నాడు తాపీగా. "ఎవరి మీదా చేయి వేయలేదు. దీపం వెలిగించు తల్లీ."

తువ్వమ్మ దీపం వెలిగించింది. జ్వాల కాటుకపుల్లతో దిద్దినట్టు నిటారుగా నిలబడింది. ఆమె గడప దాటింది. రోజూ దీపం ఆరిన చోటు దాటింది. వాడవాళ్లంతా బయటికి వచ్చి నిలబడ్డారు. ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. బావి గట్టు మీద ప్రమిద పెట్టి, ఆమె వెనక్కి తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి.

"ఆరలేదు నాయనా. ఆరిందని చెప్పడానికి నాకు నోరు రాదు."

"చెప్పమని నేనూ అడగను అవ్వా" అన్నాడు హేమాంగదుడు.

అతను పంజరం ఎత్తుకున్నాడు. గాజుల మలారంలో ఆకుపచ్చ గాజులే మిగిలాయి. బొల్లప్ప అతను పేనిన తాడు తెచ్చి, తను పేనిన తాడును దానికి ముడివేసి, చుట్టలు చుట్టి భుజాన వేశాడు.

"నీది బావి అడుగు అందదు. రెండూ కలిస్తే అందుతాది. గాలి లేస్తే ఎర్రగుండుకు కట్టుకుని వీపు గాలికి పెట్టు. ముఖం పెట్టొద్దు."

"గాలి ఎక్కడుంది తాతా?"

"ఉండాదిలే. యాడికి పోతాది" అన్నాడు ముసలాయన, ఆ తిత్తి వైపు ఓరగా చూసి.

హేమాంగదుడు వాళ్లిద్దరి కాళ్లకూ మొక్కి బయలుదేరాడు. గాలి లేని ఇసుక మీద అతని అడుగులు ఒక్కొక్కటీ ముద్ర వేసినట్టు పడ్డాయి. దిబ్బ ఎక్కి కనుమరుగయ్యేదాకా ఆ జాడ స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నది.

ధూమకంఠుడు లేచి, జడలు దులుపుకుని, గడప మీద కాలెత్తాడు.

"ఆగు సామీ" అన్నది తువ్వమ్మ. "జాడ ఉండాది కదా."

"ఏ జాడ?"

"ముందుపోయినోడి జాడ. అది గాలికి చెరిగేదాకా వెనకొచ్చినోడు గడప దాటకూడదు. ఒకే గుడారంలో పగోళ్లు తలదాచుకుంటే, బయటికి పోతానే ఒకర్నొకరు పొడుచుకుంటారని మా పెద్దోళ్లు పెట్టినారు."

"ఈ మాట నిన్న చెప్పలేదు."

"వెనకొచ్చినోడు వెనక పోతాడని చెప్పినాను. ఎంత వెనకనో నువ్వు అడగలేదు."

మాంత్రికుడు పళ్లు కొరికి, గడప దాటే మంత్రం ఒకటి మొదలుపెట్టాడు. మొదటి అక్షరం దగ్గరే నాలుక ముద్దై, సంకటి అడ్డుపడినట్టు ఆగిపోయింది. తిన్న ఉప్పు తన పని చేసింది. అతను కాలు వెనక్కి తీసుకుని కూర్చున్నాడు.

"ఫరవాలేదు. మామూలుగా ఈ జాడలు ఎంతసేపటికి చెరుగుతాయి?"

"కారు పోయినాక సాయంత్రం పూట చల్లగాలి వస్తాది చూడు. అది చాలు" అన్నాడు బొల్లప్ప. "కానీ ఈ పొద్దు రాలేదే. యాడికి పోయిందో."

తిత్తి ధూమకంఠుడి ఒళ్లోనే ఉంది. పైరగాలి, చల్లగాలి, సుడిగాలి, పెనుగాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. రాత్రి వెన్నెల్లో ఆ అడుగుజాడలు వెండిగిన్నెల్లా మెరుస్తూ ఉంటే, మాంత్రికుడు వాటినే చూస్తూ కూర్చున్నాడు. తువ్వమ్మ కప్పుకోవడానికి ఒక గొంగళి తెచ్చి అతని భుజాల మీద వేసి పోయింది.

ఆ వెన్నెల్లోనే హేమాంగదుడు నడిచి నడిచి ఎర్రగుండ్లు చేరేసరికి తూరుపు తెల్లబడింది. ఇల్లంతేసి ఎర్రరాళ్లు, వాటి మధ్య ఏనుగు వీపులాంటి దిబ్బ. బావి ఆ దిబ్బ కిందే ఉండాలి. అతను చేతులతో తవ్వాడు. దోసెడు తీస్తే తట్టెడు జారింది. మోచేతుల దాకా ఇసుక. చెమట కూడా ఆరడం లేదు, అంత నిశ్చలంగా ఉంది గాలి.

"అక్కా, కాసేపు మాట్లాడు" అన్నాడు రొప్పుతూ. "తవ్వుతుంటే నీ గొంతు వినిపిస్తూ ఉండాలి. మూలలు వదిలేశానని తిట్టు."

గోరువంక తల వాల్చి అతన్ని పరిశీలనగా చూసింది.

"గాజులాయనా" అన్నది మెల్లగా. "మీరు నన్ను ఎక్కడికి తీసుకువెళ్తున్నారు?"

హేమాంగదుడి చేతులు ఆగిపోయాయి. తమ్ముడన్న మాట కూడా పోయింది. పరాయివాడితో మాట్లాడినట్టు మర్యాదగా అడిగింది. ఆ మర్యాద అతను ఓర్చుకోలేకపోయాడు. అయినా వర్తకుడిలాగే జవాబు చెప్పాడు.

"మీ ఇంటికేనమ్మా. దగ్గరికొచ్చేశాం."

మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు.

అదే వేళకు గుడారం గడపలో ధూమకంఠుడి ఓపిక అయిపోయింది. తిత్తి మోకాళ్ల మధ్య పెట్టుకుని ముడి మీద వేళ్లు వేశాడు.

"కొంచెమే వదులుతాను. ఆ జాడ చెరిగేంత. చిటికెడు."

"చిటికెడు వదలడానికి అదేమన్నా ఉప్పా సామీ?" అన్నాడు బొల్లప్ప, తువ్వమ్మను చేయి పట్టి గుంజ పక్కకు లాక్కుంటూ.

మాంత్రికుడు ముడిని గోరంత సడలించాడు. లోపల ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్న గాలులన్నీ ఆ గోరంత సందుకు ఒక్కసారిగా వచ్చాయి. నల్లతాడు తెగి ఎక్కడ పడిందో తెలియదు. తిత్తి అతని చేతుల్లోంచి లేచి, చిరిగి, రెండు తోలుముక్కలై ఆకాశంలోకి పోయింది. వాడంతా గుంజలు పట్టుకున్నది. అడుగుజాడలు రెప్పపాటులో పోయాయి.

"చెరిగాయి" అని అరిచి ధూమకంఠుడు లేచాడు.

తువ్వమ్మ తెర సందులోంచి బావి వైపు చూపించింది. గట్టు మీద ప్రమిద బోర్లా పడి ఉంది.

"దీపం ఆరింది సామీ. అంటే గాలికారు ఇంకా అయిపోలేదు. లోపలికి రా, కళ్లలో ఇసుక పడతాది." బొల్లప్ప బొచ్చు కుప్పలో సగం తీసి అతని ముందు పెట్టాడు. "ఇదిగో, ఊరికే కూచోవద్దు."

ఇసుకను భూతంగా నిలబెట్టిన మాంత్రికుడు, తాడు కొసను బొటనవేలికి ఎట్లా తగిలించుకోవాలో తెలియక చాలాసేపు తికమకపడ్డాడు.

గాలి ఎర్రగుండ్ల దగ్గరికి వచ్చేముందు శబ్దం వచ్చింది. హేమాంగదుడు తలెత్తి చూస్తే ఆకాశం సగం పసుపు. ముసలాయన చెప్పినట్టు తాడు రాతికి చుట్టి, నడుముకు కట్టుకుని, వీపు గాలికి పెట్టి, పంజరాన్ని పొట్ట కింద దాచుకున్నాడు. మరుక్షణం అతని వెనక లోకమంతా కదిలింది. వెయ్యి చీపుళ్లు ఒక్కసారి చిమ్ముతున్నట్టు ఇసుక లేచిపోతోంది. తాడు బిగుసుకుని వీణతీగలా మోగింది. అతను పేనిన సగంలో ఒక పాయ పుటుక్కున తెగింది. బొల్లప్ప పేనిన సగం కిర్రుమనలేదు కూడా.

గాలి కాస్త నెమ్మదించాక కళ్లు తెరిచాడు. దిబ్బ లేదు. దాని చోట తెల్లరాతి మెట్ల వలయం, మెట్ల నడుమ నల్లగా నిశ్చలంగా నీళ్లు. పట్టపగలు ఆ నీటిలో చంద్రుడు కనిపిస్తున్నాడు.

కానీ పైన గాలి మళ్లీ కూత వేస్తోంది. బావి అంచుల నుంచి ఇసుక సన్నగా జారడం మొదలైంది. మెట్లు కొంతదూరమే ఉన్నాయి. ఆ కింద నిట్టనిలువు గోడ, ఎంతో లోతున నీళ్లు. పంజరంతో సహా తాడుకు కట్టి దించితే, లోపలే మనిషై నలిగిపోతుంది. తలుపు తీస్తే ఆమె తనంతట తను కిందికి పోవాలి. ఇప్పుడు ఆమెకు తనెవరో తెలియదు. తలుపు తీసిన పిట్ట ఆకాశంలోకే ఎగురుతుంది.

హేమాంగదుడు చివరి మెట్టు మీద మోకాళ్లూని, మలారంలోంచి ఆకుపచ్చ గాజులు తీశాడు. కదిపాడు. గోరువంక మెడ పక్కకు వాల్చింది. అతను పంజరం తలుపు తీశాడు. ఆమె బయటికి వచ్చి అతని మణికట్టు మీద వాలింది. ఒక్కక్షణం రెక్కలు విప్పి పైకి, పసుపు ఆకాశం వైపు చూసింది.

అతను ఒక గాజును బావిలోకి వదిలాడు. అది గోడకు తగిలి, మోగి, మెరిసి, నీళ్లలో కలిసింది. గోరువంక కిందికి చూసింది. మరొక గాజు వదిలాడు. ఇంకొకటి. మిగిలినవన్నీ ఒక్కసారే వదిలాడు. ఆకుపచ్చ వాన కురిసినట్టు అవి మోగుతూ పోతుంటే, పిట్ట అతని చేయి విడిచి, రెక్కలు ముడుచుకుని, ఆ చప్పుడు వెంట రాయిలా దూకింది.

నీళ్లు ఒక్కసారి తెల్లగా విచ్చుకుని మూసుకున్నాయి. అందులో చంద్రుడు ముక్కలై, మళ్లీ ఒకటయ్యాడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఇసుక ధారలు లావయ్యాయి. హేమాంగదుడు బావి మీదికి వంగాడు. పిలవడానికి నోరు తెరిచి, ఏమని పిలవాలో, పిలిస్తే ఎవరు పలుకుతారో తెలియక ఆగిపోయాడు.

"తమ్ముడూ."

బావి అడుగు నుంచి వచ్చింది ఆ గొంతు. పిట్ట గొంతు కాదు.

"తమ్ముడూ, గాజులన్నీ నా నెత్తి మీదే పోశావు. చూసుకోవద్దా?"

హేమాంగదుడికి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో అతనికే తెలియదు. రాతికి కట్టిన తాడు కొసను నడుము నుంచి గబగబా విప్పి, తెగిన పాయను ముడివేసి, చుట్టలు బావిలోకి వదలబోయాడు.

"తాడు గట్టిదేనా?" అని అడిగింది మృణాళిని. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "సరిగ్గా చూసి వెయ్యి. ఇక్కడ నా చేయి పట్టుకుని ఇంకొకరున్నారు, గొంతు కింద ధూమకంఠుడికి ఉన్నట్టే పొగరంగు మచ్చ ఉంది. తాడు ఇద్దరికి సరిపోవాలి."